‘ఇమ్యూనిటీ పెంచుకోండి’ అనే అబద్ధం

కాటారం చౌరస్తాలో మందుల దుకాణానికి పోయినా, కిరాణా కొట్టుకు పోయినా, కాళేశ్వరం దారిలో మూలికలు పరుచుకుని కూర్చున్నవాళ్ల దగ్గర ఆగినా ఒక్క మాట మాత్రం ఒకే తీరుగా వినిపిస్తుంది: రోగనిరోధక శక్తి తగ్గింది, పెంచుకోవాలి. కరోనాకు ముందు ఇది టీవీ ప్రకటనల మాట. 2020 తర్వాత ఊరి మాట అయింది. వేళ్ల కణుపులు వాచి పొద్దున్నే పిడికిలి పట్టని ఆడమనిషికి ఇదే సలహా. నడుము పట్టేసి వంగలేని పాతికేళ్ల పిల్లగానికి ఇదే సలహా. బొల్లికి, థైరాయిడ్‌కు, చిన్నపిల్లలకు వచ్చే షుగర్‌కు కూడా ఇదే. “ఒంట్ల పవర్ లేదు, అందుకే రోగం పట్టింది” అంటారు. పవర్ పెంచడానికి ఒక పొడి, ఒక టానిక్, ఒక కషాయం చేతిలో పెడతారు.

ఈ మాట తప్పు. కొంచెం అటూ ఇటూ అయిన తప్పు కాదు, తలకిందులైన తప్పు. పైన చెప్పిన జబ్బుల్లో ఎక్కువ భాగం నిరోధక వ్యవస్థ చేతగాక పడుకున్నందువల్ల వచ్చేవి కావు. అది లేచి సొంత ఒంటి మీదికే వచ్చినందువల్ల వచ్చేవి. వాటికి ‘ఇంకా పెంచండి’ అని చెప్పడం కాలుతున్న చేతిని మళ్లీ పొయ్యిలో పెట్టమనడమే. ఈ మాట వల్ల ఎంతోమంది సరైన వైద్యం దొరికే మొదటి ఏడాది, రెండేళ్లు పోగొట్టుకుంటున్నారు. కీళ్లవాతంలో ఆ రెండేళ్లు పోతే వేళ్లు వంకర తిరుగుతాయి, తర్వాత ఏ మందుకూ తిన్నగా కావు. అందుకే దీన్ని నిరపాయమైన అమాయకపు నమ్మకమని వదిలేయలేను.

దీని పునాది బడిలోనే పడుతుంది. శరీరం ఒక కోట, తెల్లరక్తకణాలు సైనికులు, క్రిములు బయటినుంచి వచ్చే శత్రువులు. పాఠం చెప్పడానికి ఈ బొమ్మ తేలిగ్గా ఉంటుంది, పిల్లలకు నచ్చుతుంది. కానీ బొమ్మతోపాటు రెండు అబద్ధాలు మెదడులోకి ఎక్కుతాయి. ఒకటి, నిరోధక వ్యవస్థ చూసేది పరాయివాళ్లనే, సొంతవాళ్లతో దానికి పని లేదు. రెండు, సైన్యం ఎంత పెద్దదైతే అంత మంచిది. ‘ఇమ్యూనిటీ’ పొడి డబ్బాల మీద ఉండే డాలు బొమ్మ ఈ రెండు అబద్ధాల మీదే నిలబడి ఉంది.

పరాయిదంతా శత్రువే అయితే తల్లి కడుపులో బిడ్డ తొమ్మిది నెలలు ఎట్లా బతుకుతున్నది? ఆ బిడ్డ ఒంట్లో సగం తండ్రి నుంచి వచ్చిందే, తల్లి దేహానికి అది పరాయి సొత్తే. మనం రోజూ తినే బియ్యం, పప్పు, కోడిగుడ్డు, చేప అన్నీ వేరే జీవుల ప్రోటీన్లే. పేగుల్లో ఉన్న బాక్టీరియా లెక్క మన ఒంటి కణాల లెక్కకు దాదాపు సమానం. వీటన్నిటితో మనిషి సుఖంగా కాపురం చేస్తున్నాడు. అటువైపు చూస్తే, ఏ క్రిమీ చొరబడకుండానే క్లోమంలో ఇన్సులిన్ చేసే కణాలు టీ కణాలు అనే సొంత తెల్లరక్తకణాల చేతిలో చచ్చిపోతాయి. కోట బొమ్మ ఈ రెండింటిలో దేనికీ జవాబు చెప్పలేదు. జవాబు కావాలంటే కణం తలుపు దగ్గరికి పోవాలి.

ప్రతి కణంలో ప్రోటీన్లు నిరంతరం తయారవుతుంటాయి, పాతబడుతుంటాయి, సరిగ్గా మడత పడనివి పాడవుతుంటాయి. వీటిని ప్రోటియాసోమ్ అనే పీపాలాంటి యంత్రం ముక్కలు చేస్తుంది. ఎక్కువ ముక్కలు మళ్లీ అమైనో ఆమ్లాలుగా విడిపోయి కొత్త ప్రోటీన్లకు ముడిసరుకు అవుతాయి. కొన్ని మాత్రం ట్యాప్ అనే ద్వారం గుండా కణం లోపలి మరో గదిలోకి పోతాయి. అక్కడ ఈఆర్‌ఏపీ1 అనే ఎంజైమ్ వాటి ముందు కొన కత్తిరించి ఎనిమిది నుంచి పది అమైనో ఆమ్లాల పొడవుకు తెస్తుంది. అదే గదిలో హెచ్‌ఎల్‌ఏ అణువులు ఖాళీ లోయతో కాచుకుని ఉంటాయి. టపాసిన్ అనే సహాయక ప్రోటీన్ ఒక్కో ముక్కను ఆ లోయలో పెట్టి చూస్తుంది. వదులుగా కూర్చున్నదాన్ని జారవిడుస్తుంది, గట్టిగా అతికినదాన్ని ఉంచుతుంది. ముక్క కుదిరిన హెచ్‌ఎల్‌ఏ అణువు కణం పైపొరకు చేరి, ఆ ముక్కను బయటికి కనబడేట్టు పట్టుకుని నిలబడుతుంది. ఎర్ర రక్తకణాలను పక్కన పెడితే దాదాపు ప్రతి కణం మీదా ఇలాంటి అణువులు వేలల్లో, లక్షల్లో ఉంటాయి.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన రైతుకు ఈ పని కొత్తగా అనిపించదు. బస్తా మొత్తం కుమ్మరించరు. పక్కన చిన్న కోత పెట్టి పిడికెడు తీస్తారు. ఆ మచ్చు చూసి లోపల తేమ ఉందా, తాలు ఉందా తేల్చుతారు. కణం కూడా లోపలున్న సరుకంతటికీ మచ్చు తీసి గోడ మీద పెడుతుంది. టీ కణాలు తిరుగుతూ ఆ మచ్చులను తడిమి చూస్తాయి. కణం లోపలికి అవి తొంగి చూడలేవు, చూడగలిగింది ఈ మచ్చునే.

అసలు విషయం ఇక్కడ ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఒంట్లో ఆ మచ్చులు దాదాపు అన్నీ సొంత ముక్కలే. కండరపు ప్రోటీన్ ముక్కలు, కాలేయపు ఎంజైమ్ ముక్కలు, రైబోసోమ్ ముక్కలు. వైరస్ దూరినప్పుడు వాటి మధ్య కొన్ని వైరస్ ముక్కలు కలుస్తాయి, అంతే. హెచ్‌ఎల్‌ఏ లోయ ‘నువ్వు మనవాడివా, పరాయివాడివా’ అని ఏ ముక్కనూ అడగదు. దానికి ఆ చూపే లేదు. అది చూసేది అతుకు ఒక్కటే. హెచ్‌ఎల్‌ఏ-ఏ2 అనే రకానికి ముక్కలో రెండో చోట లూసిన్, చివర వేలిన్ ఉంటే ఇష్టం. హెచ్‌ఎల్‌ఏ-బీ27కు రెండో చోట ఆర్జినిన్ కావాలి. ఆ గుంటల్లో సరిపోయే అమైనో ఆమ్లం ఉన్న ముక్క సొంతదైనా కూర్చుంటుంది, వైరస్‌దైనా కూర్చుంటుంది. ఎంపిక జరుగుతున్నది రసాయన స్వభావాన్ని బట్టి. సరిహద్దు కాపలా కథలో ఈ సంగతికి చోటే లేదు.

ఈ సంగతి ఊహతో అల్లింది కాదు. 1974లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో రోల్ఫ్ జింకర్‌నాగెల్, పీటర్ డోహర్టీ ఎలుకల మీద పనిచేస్తూ ఒక విచిత్రం చూశారు. వైరస్ సోకిన కణాన్ని చంపే టీ కణాలు, వేరే జాతి ఎలుక నుంచి తెచ్చిన కణానికి అదే వైరస్ సోకినా ముట్టుకోలేదు. అంటే టీ కణం వైరస్‌ను ఒంటరిగా గుర్తించడం లేదు. తన ఒంటి అణువు చేతిలో పట్టుకున్నప్పుడే గుర్తిస్తున్నది. ‘స్వంతం’ అనే చట్రం లేకుండా ‘పరాయి’ దానికి కనబడదు. ఈ పనికి 1996లో వాళ్లకు నోబెల్ వచ్చింది. 1987లో పమేలా బ్యోర్క్‌మన్, జాక్ స్ట్రోమింగర్, డాన్ వైలీ బృందం హెచ్‌ఎల్‌ఏ-ఏ2 అణువు ఆకారాన్ని ఎక్స్‌రేలతో గీసినప్పుడు పై భాగంలో లోయ కనబడింది, ఆ లోయ ఖాళీగా లేదు. ఏదో ఇరుక్కుని ఉంది. తర్వాత 1991లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో హాన్స్‌గేయోర్గ్ రమెన్‌సే బృందం ఆ ఇరుక్కున్న ముక్కలను విడదీసి చదివింది. ఒక్కో హెచ్‌ఎల్‌ఏ రకానికి ఒక్కో ఇష్టం ఉందని తేలింది అక్కడే.

ఇప్పటిదాకా గుర్తించిన హెచ్‌ఎల్‌ఏ రూపాలు 40,000 దాటాయి. ఒక మనిషిలో మొదటి తరగతి అణువులు ఏ, బీ, సీ అని మూడు రకాలు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున గరిష్ఠంగా ఆరు రూపాలు. అందువల్ల ఒకే ప్రోటీన్ నుంచి నీ కణం చూపే మచ్చు, నా కణం చూపే మచ్చు వేరు. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరికి అన్నీ కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. ఇంత తేడా ఉన్న మనుషులందరికీ ఒకే చెంచా పొడి ‘ఇమ్యూనిటీ’ పెంచుతుందని చెప్పేవాడిని ఒక్క ప్రశ్న అడగండి: దేన్ని పెంచుతుంది? ఏ కణాన్ని, ఏ మచ్చును చూసే కణాన్ని? మీటరు మీద ముల్లులాగా పైకి లేపడానికి ఒంట్లో ‘ఇమ్యూనిటీ’ అనే ఒకే వస్తువు లేదు.

టీ కణాలు ఎట్లా తయారవుతాయో చూస్తే ‘ఎక్కువైతే మంచిది’ అనే మాట మరింత పలచబడుతుంది. రొమ్ము ఎముక వెనక, గుండెకు పైన థైమస్ అనే గ్రంథి ఉంది. టీ కణాలు పెరిగేది అక్కడ. అక్కడ వాటికి చూపించేది సొంత ముక్కలనే. సొంత హెచ్‌ఎల్‌ఏను, దాని మీది సొంత ముక్కను అసలే తాకలేని కణం ఎందుకూ పనికిరాదు, చచ్చిపోతుంది. మరీ గట్టిగా పట్టుకునే కణం రేపు ఒంటి మీద పడుతుంది కాబట్టి దాన్నీ థైమస్ చంపేస్తుంది, లేదా అదుపు చేసే కణంగా మారుస్తుంది. తేలిగ్గా తాకి వదిలేవే బయటపడతాయి. నూటికి తొంభై అయిదుకు పైగా కణాలు ఆ గ్రంథి దాటకుండానే పోతాయి. ప్రకృతి అంత ఖర్చు పెట్టి చేస్తున్నది సైన్యం పెంచడం కాదు, తగ్గించడం.

థైమస్‌లో ఒక ఏర్పాటు ఉంది, చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. క్లోమంలో మాత్రమే తయారు కావాల్సిన ఇన్సులిన్‌ను, ఒంటిలో వేరే అవయవాల్లో మాత్రమే ఉండాల్సిన ఎన్నో ప్రోటీన్లను థైమస్ కణాలు కొద్దికొద్దిగా తయారు చేసి చూపిస్తాయి, ఎదుగుతున్న టీ కణాలకు పరిచయం చేయడానికి. దీన్ని నడిపే జన్యువు ఏఐఆర్‌ఈ, 1997లో దొరికింది. అది చెడిన పిల్లల్లో ఒకదాని తర్వాత ఒకటిగా పలు గ్రంథుల మీద సొంత కణాలే దాడి చేస్తాయి. ఆ పిల్లల్లో ‘పవర్’ తక్కువ కాలేదు. సొంతవాళ్ల మొహాలు చూపించే పని ఆగిపోయింది. థైమస్‌ను తప్పించుకున్న కణాలను బయట అదుపు చేసే నియంత్రక టీ కణాలను కనుగొన్నందుకే మేరీ బ్రంకోవ్, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగూచిలకు 2025లో నోబెల్ ఇచ్చారు. నిరోధక వ్యవస్థలో బ్రేకు వేసే భాగానికి అంత విలువ ఉంది. డబ్బా మీద బ్రేకు గురించి ఒక్క అక్షరం ఉండదు.

ఇంకో సాక్ష్యం. సొంత మచ్చులు చూపించడం మానేసిన కణం క్షేమంగా ఉంటుందా? ఉండదు. 1986లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో క్లాస్ కార్రే బృందం చూపించింది: హెచ్‌ఎల్‌ఏలాంటి అణువులు పోగొట్టుకున్న ఎలుక క్యాన్సర్ కణాలను ఎన్‌కే (సహజ హంతక) కణాలు వచ్చి చంపేస్తాయి. అంటే ‘నేను నీదాన్నే’ అని రోజూ చూపించుకోవడమే కణానికి రక్షణ. సొంత ముక్కలతో నిరోధక వ్యవస్థకు పని లేదన్న కథ ఇక్కడ పూర్తిగా కూలిపోతుంది. ఈ వ్యవస్థకు రాత్రీపగలూ ఉన్న పనే అది.

నిజంగా నిరోధక శక్తిని ‘పెంచే’ మందు ఎట్లా ఉంటుందో చూడాలనుకునేవాళ్లు 2006 మార్చిలో లండన్ నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో జరిగింది తెలుసుకోవాలి. టీజీఎన్1412 అనే మందు టీ కణాలను నేరుగా మేల్కొలుపుతుంది. ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకు ఇచ్చారు. కొన్ని గంటల్లోనే ఆరుగురూ కూలబడ్డారు, అవయవాలు దెబ్బతిని ఇంటెన్సివ్ కేర్‌కు చేరారు. ప్రాణాలు దక్కాయి. టీ కణాల మీది బ్రేకులు తీసే క్యాన్సర్ మందులు కూడా ఉన్నాయి, వాటికి దారి చూపిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. అవి ఎంతోమందికి ప్రాణం పోస్తున్నాయి. కానీ వాటితో కొందరికి థైరాయిడ్ దెబ్బతింటుంది, పేగు వాస్తుంది, కొందరికి హఠాత్తుగా షుగర్ వస్తుంది. నిజమైన బూస్టర్లు ఇవి. క్యాన్సర్ డాక్టరు కళ్లముందు, రక్తపరీక్షల మధ్య ఇస్తారు. పొడి డబ్బా నిజంగా నిరోధక శక్తిని పెంచుతుంటే దాన్ని కిరాణా కొట్టులో అమ్మనివ్వరు.

మనకు దగ్గరి మనిషి పని కూడా ఇదే చెబుతున్నది. కొత్తగూడెంలో పుట్టి పెరిగి, అక్కడి సింగరేణి మహిళా కళాశాలలో చదివి, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసిన కన్నెగంటి తిరుమలాదేవి ఇప్పుడు అమెరికాలోని మెంఫిస్‌లో సెయింట్ జూడ్ ఆసుపత్రిలో నిరోధక శాస్త్రవేత్త. 2021లో ఆమె బృందం టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా అనే రెండు సంకేతాలు కలిసి చెలరేగితే సొంత కణాలే చచ్చి అవయవాలు దెబ్బతింటాయని, ఆ రెండింటినీ అడ్డుకుంటే కరోనా సోకిన ఎలుకలు ఎక్కువగా బతికాయని చూపింది. అంతకు ముందు 2020లోనే బ్రిటన్‌లో ‘రికవరీ’ అనే మందుల పరీక్ష, వెంటిలేటర్ మీదున్న కరోనా రోగుల్లో డెక్సామెథసోన్ మరణాలను మూడో వంతు తగ్గించిందని తేల్చింది. డెక్సామెథసోన్ నిరోధక చర్యను అణిచే మందు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం దానివల్ల మేలు లేదు. ఊర్లల్లో ఇమ్యూనిటీ పెంచుకోండని చాటుతున్న రోజుల్లోనే, మరణం అంచున ఉన్నవాళ్లను దవాఖానలు దాన్ని తగ్గించి కాపాడుకున్నాయి.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. భూపాలపల్లిలో కాకతీయ ఖని బొగ్గు గనులున్నాయి. కాటారం పక్కనే తాడిచర్లలో ఓపెన్‌కాస్ట్ ఉంది. మహదేవపూర్, మహాముత్తారం అడవుల్లో ఎండాకాలం వస్తే తునికాకు కోస్తారు, కల్లం మీద ఆరబెడతారు, ఆ ఆకు బీడీ అవుతుంది. ఆ బీడీని తాగే మనుషులూ ఇక్కడే ఉన్నారు. రాతిధూళి, పొగ. కీళ్లవాతానికి, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు ఈ రెండింటితో ఉన్న బంధం పాతదే. 1953లో వేల్స్ బొగ్గు గని కార్మికుల్లో కీళ్లవాతంతోపాటు ఊపిరితిత్తుల్లో ప్రత్యేకమైన గడ్డలు కనబడ్డాయని ఆంథొనీ కాప్లన్ రాశాడు. సిలికా ధూళి, పొగ రెండూ ఈ జబ్బు ముప్పు పెంచుతాయని తర్వాత స్వీడన్‌లో పెద్ద అధ్యయనాలు చూపాయి.

ధూళికీ వేలి కణుపుకూ ఏం సంబంధం? ఇక్కడే హెచ్‌ఎల్‌ఏ ఎంపిక అసలు రంగు తెలుస్తుంది. పొగ తగిలి చిరాకుపడిన ఊపిరితిత్తుల్లో కొన్ని ఎంజైమ్‌లు చురుకై, ప్రోటీన్లలోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని సిట్రులిన్‌గా మారుస్తాయి. ప్రోటీన్ మనదే. ఒక చోట ఒక చిన్న మార్పు. ఆర్జినిన్‌కు ధన విద్యుదావేశం ఉంది, సిట్రులిన్‌కు లేదు. హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1*04:01 అనే రెండో తరగతి అణువు లోయలో నాలుగో గుంట కూడా ధనావేశంతో ఉంటుంది. ఆర్జినిన్‌ను అది నెట్టేస్తుంది. సిట్రులిన్ వస్తే కూర్చోబెట్టుకుంటుంది. నిన్నటిదాకా మచ్చుగా కనబడని సొంత ముక్క ఈ రోజు గోడ మీదికి వచ్చింది. థైమస్‌లో దాన్ని చూసి ఉండని టీ కణం దాన్ని కొత్తదనుకుంటుంది. ఆ టీ కణం బీ కణాలను లేపుతుంది, బీ కణాలు సిట్రులిన్ ఉన్న ప్రోటీన్ల మీద ప్రతిదేహాలు తయారు చేస్తాయి. వేళ్లు వాయడానికి కొన్నేళ్ల ముందు నుంచే ఆ ప్రతిదేహాలు రక్తంలో ఉండొచ్చు. దవాఖానలో రాసే యాంటీ సీసీపీ పరీక్ష పట్టుకునేది వాటినే. 1987లో పీటర్ గ్రెగర్సెన్ బృందం ఈ జబ్బుతో ముడిపడ్డ డీఆర్ రకాలన్నిటికీ లోయ అంచున ఒకేలాంటి చిన్న వరుస ఉందని గుర్తించినప్పుడు, ఆ వరుస ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. 2013లో స్ఫటికాల్లో ఆ గుంట, ఆ సిట్రులిన్ కనబడ్డాయి.

ఇప్పుడు చెప్పండి, వేళ్ల కణుపులు వాచిన ఆ స్త్రీకి ఏం తక్కువైంది? ఆమె నిరోధక వ్యవస్థ బలహీనమా? అది మితిమీరి పనిచేస్తున్నది, సొంత ఒంటిలో మారిన ఒక ముక్కను పట్టుకుని వదలడం లేదు. ఆమెకు కావలసింది దాన్ని చల్లార్చే మందు. మెథోట్రెక్సేట్ చవకైన గోలీ, వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది, గర్భంతో ఉన్నప్పుడు అసలే వాడకూడదు, మధ్యమధ్యలో రక్తం, కాలేయం పరీక్షలు చేయించాలి. ఇవన్నీ చెప్పే డాక్టరు కావాలి. తొందరగా మొదలుపెడితే వేళ్లు నిలుస్తాయి. ఇంత స్పష్టమైన దారి ఉండగా ‘పవర్’ పొడి మీద రెండేళ్లు పోగొట్టుకోవడం ఎంత అన్యాయం!

ఇంకా దారుణం ఒకటుంది. కొన్ని నొప్పుల పొడులు తిన్న వారానికే నొప్పి మాయమవుతుంది, ‘పవర్ పెరిగింది’ అని ఊరంతా చెప్పుకుంటారు. మూలికల పేరుతో అమ్మిన కొన్ని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉన్నట్టు మన దేశంలోనే పరీక్షల్లో బయటపడింది. అంటే శక్తి పెంచుతుందని నమ్మి తిన్న పొడి పనిచేసింది నిరోధక చర్యను అణచడం వల్ల. ఆ పొడి నెలలు నెలలు తింటే మొహం ఉబ్బుతుంది, ఎముకలు గుల్లబారతాయి, షుగర్ ఎక్కుతుంది, పడుకున్న టీబీ లేస్తుంది. కొన్ని చోట్ల అదే పని సూదితో చేస్తారు. 2021లో బ్లాక్ ఫంగస్ రోజుల్లో స్టెరాయిడ్, షుగర్ కలిస్తే ఏమవుతుందో కళ్లారా చూశాం. తగ్గించడం కూడా లెక్క ప్రకారం జరగాలి, ఎవరికి పడితే వాళ్లకు కాదు.

తిప్పతీగ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే ‘ప్రకృతిదే కదా, ఏం నష్టం’ అన్న మాట అందరి నోటా ఉంది. కరోనా కాలంలో ఇమ్యూనిటీ కోసమని తిప్పతీగ కషాయం, గోలీలు వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై డాక్టర్లు మొదట రాశారు. 2022లో హైదరాబాద్ డాక్టర్లు ముందుండి దేశంలోని పలు ఆసుపత్రుల నుంచి 43 మంది వివరాలు ప్రచురించారు. వీళ్లలో చాలామంది కాలేయంలో కనబడింది ఆటోఇమ్యూన్ హెపటైటిస్ లక్షణాలే, అంటే సొంత నిరోధక కణాల దాడి. ఆయుష్ శాఖ దీన్ని ఒప్పుకోలేదు, తీగను పోల్చుకోవడంలో పొరపాటు జరిగి ఉండొచ్చంది. ఆ వాదన వినాల్సిందే. కానీ కంచెల మీది నుంచి కోసుకుని, గుర్తుపట్టే చదువు ఏదీ లేకుండా మరిగించి తాగమని జనానికి చెప్పినవాళ్లకు ఆ వాదన రక్షణ ఇవ్వదు. ఇప్పటికే థైరాయిడో కీళ్లవాతమో ఉన్న మనిషికి ‘నిరోధక శక్తి పెంచే’ ఏ పదార్థమైనా ఇచ్చే ముందు ఒక్క క్షణం ఆగాలి.

నాకు వచ్చే ఎదురు మాటలు తెలుసు. ‘మరి టీకాలు నిరోధక శక్తి పెంచవా?’ పెంచవు, నేర్పుతాయి. తట్టు టీకా తట్టు వైరస్ ముక్కలను గుర్తుంచుకునే కొన్ని కణాలను తయారు చేస్తుంది, దానికి గురి ఉంది. ఊరూపేరూ లేకుండా అంతటినీ లేపేదేదైనా టీజీఎన్1412 దారే. ‘తిండి లేనివాళ్లకు రోగాలు ఎక్కువ రావా?’ వస్తాయి. ఈ మాట పూర్తి నిజం, దీన్ని గట్టిగా ఒప్పుకుంటాను. జార్ఖండ్‌లో జరిగిన ‘రేషన్స్’ అనే అధ్యయనం 2023లో చూపించింది: టీబీ రోగి ఇంట్లోవాళ్లకు అదనపు తిండి ఇస్తే వాళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఆ తిండి బియ్యం, పప్పు, విటమిన్ గోలీలు. అయిదారు వందల రూపాయల ఇమ్యూనిటీ డబ్బా కొనే ఇంటికి ఆ డబ్బుతో గుడ్లు, పప్పు కొనుక్కోమని చెప్పడం నా వాదానికి వ్యతిరేకం కాదు, అదే నా వాదం. కడుపు మాడిన ఒంటికి తిండి లోటు తీర్చడం వేరు, నిండిన ఒంట్లో సొంత కణాల మీద తిరగబడ్డ వ్యవస్థను ఇంకా ఎగదోయడం వేరు.

చదువుకున్నవాళ్లలో ఇంకో పొరపాటు ఉంది, అదీ వదలను. నడుము పట్టేసిన పిల్లగాడికి హెచ్‌ఎల్‌ఏ-బీ27 పరీక్ష రాస్తారు, పాజిటివ్ అని కాగితం వస్తుంది, ఇంటిల్లిపాదీ ‘రక్తంలోనే రాసి ఉంది’ అని కూలబడతారు. 1973లోనే, నడుము పట్టేసే యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ అనే జబ్బుకు బీ27తో బంధం తెలిసింది నిజమే. కానీ బీ27 ఉన్నవాళ్లలో నూటికి తొంభైకి పైగా మందికి ఆ జబ్బు రానే రాదు. బీ27 ఉన్నవాళ్లలో మాత్రమే ఈఆర్‌ఏపీ1 జన్యువు తేడాలు ఈ జబ్బు ముప్పును మారుస్తాయని 2011లో తేలింది. గుర్తుంది కదా, ముక్కల ముందు కొన కత్తిరించే ఎంజైమ్ అది. అంటే జబ్బు హెచ్‌ఎల్‌ఏ పేరులో లేదు. ఏ ముక్క, ఎంత పొడవున, ఆ లోయలో కూర్చుంటుంది అన్నదానిలో ఉంది. 2022లో, ఈ రోగుల కీళ్ల నుంచి, కళ్ల నుంచి తీసిన టీ కణాలు బీ27 మీద కూర్చున్న సొంత ముక్కలను, బాక్టీరియా ముక్కలను రెండింటినీ ఒకే చూపుతో పట్టుకుంటున్నాయని కనబడింది. పేగులోని క్రిమి ముక్కను చూసి నేర్చుకున్న కణం వెన్నెముకలో అలాంటి సొంత ముక్కను చూసి మోసపోతుందన్నమాట. ‘రాసి ఉంది’ అనుకుని చేతులు ముడుచుకోవడం, ‘పవర్ తక్కువ’ అనుకుని పొడి మింగడం, రెండూ ఒకే అజ్ఞానానికి పుట్టిన పిల్లలు.

మందులు కూడా ఈ లోయలో తల దూర్చగలవు. హెచ్‌ఐవీకి వాడే అబాకవిర్ మాత్ర హెచ్‌ఎల్‌ఏ-బీ*57:01 లోయ అడుగున చేరి, ఆ అణువు ఏ సొంత ముక్కలను ఎంచుకుంటుందో మార్చేస్తుందని 2012లో తెలిసింది. కొత్త మచ్చులు చూసిన టీ కణాలు ఒళ్లంతా మంట పెడతాయి. ఈ రూపం మన దేశంలో అరుదు కాదు, అందుకే మందు ఇచ్చే ముందు పరీక్ష చేయాలి. కుష్ఠుకు ఇచ్చే డాప్సోన్‌తో కొందరికి వచ్చే తీవ్రమైన ప్రతిచర్యకు హెచ్‌ఎల్‌ఏ-బీ*13:01తో బంధం ఉందని 2013లో చైనా రోగుల్లో తేలింది. కుష్ఠు కేసులు ఇంకా దొరుకుతున్న తెలంగాణ మండలాల్లో, మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు జ్వరం, ఒళ్లంతా దద్దు, కళ్లు పచ్చబడటం కనబడితే ‘ఒంటికి పడలేదు, బలం లేదు’ అని ఇంటి దగ్గర కూర్చోబెట్టకూడదు. వెంటనే మందు ఇచ్చిన దవాఖానకే తీసుకుపోవాలి.

కాబట్టి నేను అడిగేది ఇది. బడి పుస్తకంలో కోట, సైనికుల బొమ్మ పక్కన ఒక పేజీ ఇవ్వండి, కణం తన సొంత ముక్కలను బయట పెట్టి చూపించే బొమ్మతో. తొమ్మిదో తరగతి పిల్లలు దాన్ని అర్థం చేసుకోగలరు, మిర్చి మచ్చు చూసిన రైతు బిడ్డలు మరీ బాగా చేసుకుంటారు. భూపాలపల్లి జిల్లా దవాఖానలో యాంటీ సీసీపీ పరీక్ష, మెథోట్రెక్సేట్, దాన్ని వాడేవాళ్లకు రక్తపరీక్షలు నిలకడగా దొరకాలి, ప్రతిసారీ వరంగల్ ఎంజీఎంకో హైదరాబాద్ నిమ్స్‌కో బస్సెక్కే పని ఉండొద్దు. ఆశా కార్యకర్తకు ఒక్క ప్రశ్న నేర్పండి: పొద్దున్న లేచినప్పుడు వేళ్లు పట్టేసి గంటకు పైగా ఉంటున్నాయా, ఇట్లా ఆరు వారాలుగా ఉంటున్నదా? ‘ఔను’ అన్నవాళ్లను పొడి దుకాణం దాటించి నేరుగా డాక్టరు దగ్గరికి పంపాలి.